ఏట్లో కరిగిన గుర్రం

నా చిన్నప్పటికే మా ఇంటి ఏనుగు చచ్చిపోయింది. మా ముత్తాత పాళెం ఏలినవాడు. మా తాతయ్య వీధిలో వస్తుంటే తాసిల్దారు కూడా గొడుగు ముడిచి నిలబడేవాడట. నాయన కాలానికి ఆ మర్యాదలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. ఊరి జాతరలో అమ్మవారి వెనక కట్టే కలంకారీ తెర మా ఇంటి నుంచే వెళ్లాలి. అది మా హక్కు.

ఆ తెర మీద అమ్మవారి పక్కన మా ఇంటి గుర్తయిన గుర్రం ఉండేది. ఎప్పుడూ కాళహస్తి పనివాళ్ల చేత వేయించేవాళ్లం. ఆ ఏడు నేనే వేస్తానని పట్టుబట్టాను. మా గుర్రాన్ని మా చెయ్యే గీయాలని నా పంతం. నాయన తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. చిన్నతాతయ్య మాత్రం నేర్పిస్తానన్నాడు.

ఆయన మా తాతయ్య తమ్ముడు. పట్టుపురుగుల పెంపకం నేర్చుకోవడానికి జపాను వెళ్లి, అక్కడి జెన్ సన్యాసుల దగ్గర ఊరికే కూర్చోవడం కూడా నేర్చుకుని వచ్చాడు. “కూర్చునేదానికి గూడా జపాను పోవల్నా?” అని ఊళ్లో నవ్వేవారు. ఆయన పట్టించుకోలేదు. వేసవి అంతా తెల్లవారుతూనే నన్ను సున్నపు గోడ ముందు కూర్చోబెట్టాడు. కలం ముట్టనివ్వలేదు.

“తాతా, గుర్రం ఎప్పుడు గీసేది?”

“గోడ మీద గుర్రం కనపడతా ఉండాదా?”

“ఉండాది.”

“అయితే ఇంకా కూర్చో అమ్మణ్ణీ. అది పోవల్ల.”

కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కలంకారీ నలుపు పడితే ఇక చెరగదు. అందుకే పనివాళ్లు ముందు బొగ్గుతో గీసి దిద్దుకుంటారు. చిన్నతాతయ్య దిద్దుకోవడమే వద్దన్నాడు. ఊపిరి వదులుతూ గీత మొదలుపెట్టాలి, ఆగి వెనక్కి చూడకూడదు. ఒక ఉదయం గోడ వట్టి గోడగా కనిపించింది. ఆయన గుడ్డ పరిచి, నల్లరంగు నింపిన కుండ నా ముందు పెట్టాడు. గుర్రం మెడ ఒక్క ఊపులో దిగింది. గీస్తున్నంతసేపు మా వంశం గుర్తుకు రాలేదు. నేనే గుర్తుకు రాలేదు.

గుడ్డ ఆరాక పారే నీళ్లలో జాడించాలి. ఏటి పాయకు తీసుకెళితే చూడటానికి ఊరంతా వచ్చింది. నీళ్లు తగలగానే గుర్రం కరిగిపోయింది. ఆ కుండలో ఉన్నది కలంకారీ నలుపు కాదు, బొగ్గు అరగదీసిన నీళ్లు.

“అమ్మణ్ణీ, దొరల గుర్రం ఈదుకుంటా పోతా ఉండాది, పట్టుకోండి!” అని మా ఊరి బియ్యం మిల్లాయన అరిచాడు. జనం నవ్వారు. నా మొహం చూసి ఆయనే దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “తెర హక్కు ఉగాదికే మేము కొన్నాము గదమ్మా. మీ నాయన, చిన్నతాత ఇద్దరూ సంతకాలు పెట్టినారు. నీకు చెప్పలేదా?”

తడిగుడ్డ భుజాన వేసుకుని, తల దించకుండా ఇంటికి నడిచాను. చిన్నతాతయ్య అరుగు మీదే ఉన్నాడు.

“నిజం నలుపు పోసింటే ఆ గుడ్డ మిల్లోళ్లకే పోయేది, నీ గుర్రం వాళ్ల తెర మీద వేలాడేది” అన్నాడు. “నువ్వు గీసినావు గదా. గుడ్డ మీద లేకపోతే ఏమి?”

“ముందే చెప్పింటే?”

“చెప్పింటే గీసేదానివా?”

గీసేదాన్ని కాదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన నేర్పింది నిజమే. కానీ ఆ నిజాన్ని అబద్ధంలో చుట్టి ఇచ్చాడు. నన్ను ఖాళీ చేయడానికి వేసవి అంతా కూర్చోబెట్టిన మనిషికి, ఆ గోడ ముందు నేను దేనికోసం కూర్చున్నానో తెలుసు. అది లేదనీ తెలుసు. మళ్లీ ఆయన ముందు నేను కూర్చోలేదు.

కలం మాత్రం వదల్లేదు. ఇప్పుడు తిరుపతిలో అద్దె ఇంట్లో పిల్లలకు నేర్పుతున్నాను. వాళ్లనూ గోడ ముందు కూర్చోబెడతాను. ఎవరి గుడ్డ ఎక్కడికి పోతుందో మాత్రం మొదటే చెబుతాను. ఊపిరి వదులుతూ గీత లాగితే ఈ వయసులోనూ నా చెయ్యి వణకదు. అది ఆయన ఇచ్చిందే. ఆయన్ని నేను క్షమించలేదు.

గుర్రం కరిగిన మరుసటి ఏడు ఇల్లు కూడా అమ్మేశారు. ఈసారి నాకు ముందే చెప్పారు.