షాద్లియా అత్త పెళ్ళి షరతులు

మా మేనత్త షాద్లియాకు రెండు పెళ్ళిళ్ళయ్యాయి. రెండుసార్లూ పత్రం రాసే ముందు వాదన గట్టిగానే జరిగింది. మొదటిసారి వాదించింది మా తాత. రెండోసారి అత్తే.

ట్యునీషియాలోని కైరవాన్ పాతబస్తీలో, జల్లాదీన్ దర్వాజా లోపల మా తాత తీజానీకి మఖ్రూద్ మిఠాయి కొట్టు ఉండేది. ఇంట్లో ఎప్పుడూ వేగిన రవ్వ, ఖర్జూరం వాసన. ఆ వాసనలోనే మేడ మీద అత్త తివాచీలు నేసేది. వేళ్ళు ఎంత చురుకో నాలుక అంత నెమ్మది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

ఆమెకు సముద్రపొడ్డున ఉన్న సూస్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లాడి పేరు అల్లాలా. ఆలివ్ నూనె వ్యాపారం. మా ఊళ్ళో దుకాణం పెట్టుకుని ఇక్కడే కాపురం ఉంటానన్నాడు. తండ్రి లేడు. తల్లి హల్లూమా తనే మగదిక్కు, తనే ఆడదిక్కు అన్నట్టు నడిపించే మనిషి. తెల్లటి సెఫ్సారీ ముసుగుని కళ్ళ దాకా లాక్కుని, వాకిట్లో చాప మీద కూర్చుని తాతతో నేరుగా మాట్లాడింది. అబ్బాయి ఇవ్వాల్సిన మెహర్ కుదిరింది. పరుపులు, రాగి సామాను కుదిరాయి. అప్పుడు తాత అన్నాడు:

"మా ఊరి షరతు ఒకటుందమ్మా. అదీ రాయిద్దాం."

"ఏం షరతు?"

"మా అమ్మాయి ఉండగా అబ్బాయి ఇంకోదాన్ని చేసుకుంటే, ఆపైన నిర్ణయం మా అమ్మాయిది. తను విడిపోతానంటే విడిపోతుంది. కాదు, వచ్చినదాన్నే పంపేస్తానంటే పంపేస్తుంది. అబ్బాయి కాదనడానికి లేదు."

హల్లూమా సెఫ్సారీ జారిపోయింది. "ఇల్లు కట్టకముందే గునపం కొంటారా మీరు?"

"గునపం కాదమ్మా, గడియ. తలుపుకి గడియ పెట్టుకుంటే పక్కింటోడు దొంగ అని కాదుగా?"

"మా సూస్‌లో ఇలాంటి ఆచారాలు లేవు."

"అందుకేనేమో, పిల్లని వెతుక్కుంటూ సూస్ దాటి వచ్చారు."

లోపలి నుంచి మా నాయనమ్మ అందుకుంది. "మీ మీద అనుమానం కాదు వదినా. నా పత్రంలోనూ ఉంది, మా అమ్మ పత్రంలోనూ ఉంది. లేకపోతే పిల్లలో ఏం లోపముందోనని ఊరంతా చెవులు కొరుక్కుంటారు."

అల్లాలా అంతవరకూ తల వంచుకునే ఉన్నాడు. "రాయించండి మావయ్యా. నాకేం భయం లేదు," అన్నాడు.

మేడ మీద కిటికీ చెక్కల సందులోంచి అత్త ఆ మాట విన్నది. ఆ మాటతోనే అతని మీద మనసు పడిందట. "అది అబద్ధం కాదే," అని చాలా ఏళ్ళ తర్వాత నాతో అంది. "ఆ పూట నిజంగానే అన్నాడు."

పత్రాలు రాసే అదూల్ పెద్దలిద్దరూ షరతును పైకి చదివారు. అందరూ ఆమీన్ అన్నారు.

కాపురం బాగానే సాగింది. అల్లాలా మెత్తని మనిషి. సూస్ వెళ్ళినప్పుడల్లా తడి గోనెలో చుట్టి చేపలు తెచ్చేవాడు. అత్త మగ్గం దగ్గర కూర్చుంటే తనే టీ కాచేవాడు. పిల్లలు మాత్రం కలగలేదు. హల్లూమా కోడల్ని దర్గాలన్నీ తిప్పింది, మెంతులు నూరి తాగించింది, తాయెత్తులు కట్టింది. ఏళ్ళు గడిచేకొద్దీ కోడల్ని తిప్పడం మానేసి కొడుకు చెవిలో చెప్పడం మొదలుపెట్టింది. అతను సూస్‌లో ఉండే రోజులు పెరిగాయి.

గొర్రెల ఉన్ని కత్తిరించే కాలం. ఒక మధ్యాహ్నం అతను అన్నం ముందు కూర్చుని చెంచా ముట్టలేదు.

"షాద్లియా, నేనో పని చేశాను."

"ఎవరిని?" అంది అత్త.

"మన్నానా అని. అమ్మ వైపు చుట్టం. తల్లీతండ్రీ లేరు."

"ఎప్పుడు?"

"ఆలివ్‌లు కోసేటప్పుడు. అయినా నువ్వే పెద్దదానివి. ఈ ఇంట్లో నీ మాటే మాట," అన్నాడు.

"పత్రంలో ఏం రాశారో గుర్తుందా?"

"ఉంది."

"గుర్తుండే చేశావా?"

"అమ్మ ఏడ్చింది, షాద్లియా."

"నేను ఏడవనని నీకు తెలుసన్నమాట," అని అత్త లేచి పళ్ళెం తీసేసింది.

మర్నాటికల్లా ఆమె పుట్టింట్లో ఉంది. వీధి వీధంతా వచ్చింది. అందరిదీ ఒకటే మాట. "దాన్ని పంపేయి! చేతిలో అధికారముంది, ఒక్కమాట చాలు. మొగుడు నీకు మిగులుతాడు." నాయనమ్మ కూడా అదే అంది. "వాడు మెత్తనోడే. తల్లి ఆడిస్తే ఆడాడు. ఆ పిల్ల పోతే మళ్ళీ నీ గుమ్మంలోనే టీ కాచుకుంటూ కూర్చుంటాడు."

అత్త మా నాన్నను పిలిచింది. "అన్నయ్యా, నన్ను సూస్ తీసుకెళ్ళు. ఆ పిల్లని చూడాలి."

"చూసి ఏం చేస్తావ్?"

"చూడకుండా ఎలా పంపేస్తాను?"

సూస్‌లో తలుపు తీసింది హల్లూమా. ఎప్పుడూ "ఏమే" అని పిలిచే మనిషి ఆ రోజు మర్యాదగా "రా తల్లీ, లెల్లా షాద్లియా, లోపలికి రా," అంది. కోడలి నోట్లో ఉన్న ఒక్క మాటతో తన ఇంటి దీపం ఆరిపోతుందని ఆమెకు తెలుసు.

మన్నానా పెరట్లో గమేలా అనే వెడల్పాటి పళ్ళెం ముందు కూర్చుని, చేతులతో రుద్దుతూ కుస్‌కుస్ రవ్వ చేస్తోంది. అత్తను చూసి తడి చేతులతోనే లేచి నిలబడింది. పొట్ట కనిపిస్తోంది.

"మీరేనా?" అంది.

"నేనే."

"మీరు ఒప్పుకున్నారని చెప్పారు నాకు. లేదని మొన్ననే తెలిసింది." ఆ పిల్ల చేతులు కొంగుకు తుడుచుకుంది. "పంపేస్తారా?"

అత్త ఆ పిల్ల పొట్ట వైపు చూసింది.

"పంపేస్తే నాకు వెళ్ళడానికి చోటు లేదు. జాలి పడమని కాదులెండి. అడుగుతారేమోనని చెప్తున్నా, అంతే."

"కూర్చో," అంది అత్త. "తడి రవ్వని వదిలేస్తే ఉండలు కడుతుంది."

తను కూడా చేతులు కడుక్కుని గమేలా అవతలి పక్కన కూర్చుంది. ఇద్దరూ రవ్వ అంతా అయ్యేదాకా చేశారు. మా నాన్న గుమ్మంలో నిలబడి, ఏం చెయ్యాలో తెలియక గోడకున్న సున్నం గోకుతూ ఉండిపోయాడట.

"పిల్ల పొగరుబోతైతే ఎంత బాగుండేదో," అని అత్త నాతో చెప్పింది. "పంపేసి హాయిగా ఇంటికొచ్చేదాన్ని. దారి పొడుగునా అలాగే ఉండాలని మొక్కుకున్నాను. దేవుడు వినలేదు."

ఖాజీ ముందు ఆమె పత్రం చూపించి, షరతు ప్రకారం తనే విడిపోతున్నానంది. ఖాజీ ఆశ్చర్యపోయి, "ఆ రెండో ఆమె సంగతి నీ చేతుల్లోనే ఉంది కదా, ఆలోచించుకున్నావా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. "ఆలోచించుకునే వచ్చాను" అంది. అల్లాలా అందరి ముందూ ఏడ్చాడు. అతను ఇంకా ఇవ్వాల్సి ఉన్న మెహర్, ఆమె మగ్గం, పరుపులు గాడిదబండి మీద మా ఇంటికి వచ్చేశాయి. వాటి కోసం ఎవరూ తగాదా పడలేదు. ఎవరినీ బతిమాలే పని పడలేదు. దుఃఖం మాత్రం ఆమెకు మిగిలింది. దాన్ని ఏ పత్రంలో రాయిస్తారు?

ఆ తర్వాత చాలాకాలం ఆమె రంగు ఉన్ని ముట్టలేదు. గొర్రె ఒంటి మీద ఎలా ఉందో అలాగే, తెలుపు, బూడిద, గోధుమ రంగు ఉన్నితోనే నేసేది. రంగుల వీధిలో ఉన్నికి రంగులద్దే తైయిబ్ ఒకరోజు మా కొట్టుకు మఖ్రూద్ కొనడానికి వచ్చి, తాతతో మాట్లాడుతున్నట్టు లోపలికి వినబడేలా అన్నాడు:

"తీజానీగారూ, మీ అమ్మాయిగారికి నా మీదేమైనా కోపమా? నా ఎరుపు పుచ్చిపోయిందా, నీలం మురిగిపోయిందా?"

లోపలి నుంచి జవాబొచ్చింది. "ధర మురిగింది!"

ఆ మాట విని తాత చేతిలో తేనె గరిటె ఆగిపోయిందట. ఆమె గొంతులో ఆ చురుకు విని ఎన్నాళ్ళో అయింది.

తైయిబ్ భార్య పోయిన మనిషి. వారం వారం మఖ్రూద్ కొన్నాడు. అతనికి తీపి పడదని ఊరందరికీ తెలుసు. చివరికి మధ్యవర్తిని పంపకుండా తనే వచ్చి అత్తను తనకిమ్మని అడిగాడు. ఈసారి తాతను పక్కన కూర్చోబెట్టి, అత్త గుమ్మం అవతల నిలబడి తనే మాట్లాడింది.

"మా ఊరి షరతు ఎలాగూ ఉంటుంది. దాంతోపాటు నా నేత డబ్బు నాది. ఉన్ని సంతకి వెళ్ళొద్దనకూడదు. నన్ను ఈ ఊరు దాటించకూడదు."

"సరే, సరే, సరే," అన్నాడు తైయిబ్. "మరి నావెవరు రాస్తారు?"

"నీకూ ఉన్నాయా?" అన్నాడు తాత.

"ఉండవా? మా అమ్మ నాతోనే ఉంటుంది. వేరే కాపురం అడగకూడదు. మా అమ్మ నోరు మీకు తెలుసుగా. పెళ్ళయ్యాక తెలిసి బాధపడేకంటే ఇప్పుడే చెప్తున్నా."

అత్త వెంటనే ఊ కొట్టలేదు. "ముందు ఆవిణ్ణి చూస్తాను," అంది.

తైయిబ్ తల్లి జ్నైఖా మంచం మీద నుంచే ఇల్లు ఏలేది. అత్త వెళ్ళి కూర్చోగానే టీ వచ్చింది. ముసలామె ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఎవరు కాచారే ఇది? కాళ్ళు కడుక్కోవచ్చు దీంతో."

"మీ అబ్బాయే కాచాడు లెల్లా," అంది టీ తెచ్చిన పిల్ల.

"అయితే వాడి కాళ్ళే కడగండి." తర్వాత అత్తను ఎగాదిగా చూసింది. "నువ్వేనా, మొగుణ్ణి వదిలేసి సవతిని మిగిల్చినదానివి?"

"నేనే."

"పిచ్చిదానివి," అంది జ్నైఖా. "రా, దగ్గరికి రా. నీ చేతులు చూడనీ."

ఇంటికొచ్చి అత్త తాతతో, "రాయించండి," అంది. "ఆవిడ నోరు ముల్లే. పైకి కనిపించే ముల్లు. చూసుకుని నడవొచ్చు."

అదూల్ పెద్దలు ఇద్దరి షరతులూ రాశారు. చివర్లో తైయిబ్ మోచేతుల దాకా నీలమైన చేతులు చాపి, "ఈ రంగు వదలదు, దీని వంకతో విడాకులడగకూడదని కూడా రాయండి," అన్నాడు. "రంగులు మా పని కాదు," అని పెద్దాయన సిరాబుడ్డి మూసేశాడు.

మన్నానాకు కొడుకు పుట్టాడని తెలిసినప్పుడు అత్త చిన్న తివాచీ నేసి పంపింది. ఎరుపులోనే నేసింది. అటునుంచి తడి గోనెలో చేపలు వచ్చాయి. ఆమె వండలేదు, నాయనమ్మ వండింది. అందరూ తిన్నారు. కొంచెం అత్త కూడా తిన్నది.

తైయిబ్‌తో ఆమె చాలా ఏళ్ళు బతికింది. పోట్లాడుకునేవారు, ముఖ్యంగా రంగుల ధర గురించి. ఆమె సంపాదనలో అతను చెయ్యి పెట్టలేదు. జ్నైఖా పోయేదాకా అత్తే ఆమెకు అన్నం పెట్టింది, తిట్లు తిన్నది, తిరిగి తిట్టింది.

మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక రెండో పెళ్ళి నేరమని ప్రభుత్వమే చట్టం చేసింది. వీధిలో ఆడవాళ్ళు "ఇంక మన షరతుతో పనేముంది?" అనుకున్నారు. నా పెళ్ళి కుదిరింది ఆ రోజుల్లోనే. అత్త నన్నూ, నన్ను చేసుకోబోయేవాణ్ణీ తన మేడ మీదికి పిలిచి, తైయిబ్ మామయ్య చేత టీ పెట్టించింది.

"ఆ ఒక్కటీ ప్రభుత్వం రాసిపెట్టింది. మిగతావి ఎవరు రాస్తారు? ఇప్పుడే చెప్పుకోండి. మీకింకా ఒకళ్ళంటే ఒకళ్ళకి ముద్దుగా ఉంది."

నర్సు చదువు ట్యూనిస్‌లో పూర్తి చేస్తానన్నాను నేను. అతను గ్లాసులో పుదీనా ఆకు తిప్పుతూ, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయ్యేదాకా తన జీతంలో సగం అమ్మకే ఇస్తానని, దానికి నేను సణగకూడదని అన్నాడు. ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. మనసు చివుక్కుమంది.

"ఇప్పుడే ఒప్పుకోవాలా?" అని అత్తనడిగాను.

"అక్కర్లేదు. ఇంటికెళ్ళి ఆలోచించు. కోపమొస్తే కోపం తెచ్చుకో," అంది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ఆరేసిన ఉన్ని తీయడానికి ఆమె లేచింది. మేమిద్దరం కూడా లేచి తలో మోపూ అందుకున్నాం.