బేస్ విని కప్పు చూసిన పెద్దాయన

పెద్దపల్లి బస్సులో పక్క సీటు పెద్దాయన, "ఏం ఇంటున్నవ్ బిడ్డా?" అని అడిగాడు.

ఒక బేస్ గిటారిస్టు దేశదేశాల కళాకారులతో కలిసి చేసిన ఆల్బమ్ అది. పాడేవాళ్లుండరు, వాద్యాలే. ఒక ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చాను.

కాసేపటికి ఆఫ్రికా డోళ్లు ఆగిపోయి, బేస్ ఒక్కటే లోతుగా మోగింది. ఆయన చటుక్కున బస్సు కప్పు వైపు చూసి, నా భుజం పట్టి తనవైపు లాగాడు.

వెంటనే సిగ్గుపడ్డాడు. "బొగ్గు బాయిల పనిచేసిన అలవాటు. కప్పును కర్రతోని కొట్టి ఇంటం. గిట్ల డొల్లగ మోగిందంటే కూలుతది. పక్కోన్ని గుంజుకొని ఉరుకుడే."

"రిటైరై ఎన్నాళ్లయింది కాకా?"

"పదేండ్లాయె. మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి కళ్లు మూసుకుని ఇష్టంగా విన్నాడు. చెయ్యి మాత్రం, బస్సు దిగేదాకా నా భుజం మీంచి తియ్యలేదు.