నోరున్న టెస్టు

విజయనగరం కోట దగ్గర బట్టల షాపు మేడమీద సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కన్యాకుమారి టెస్టర్. ఎడంచేత్తో జంతిక పట్టుకుని కొరుకుతూ కుడిచేత్తో కోడ్ రాస్తుంది. కీబోర్డులో రాలిన పొడంతా ఆమెదే. కోడ్ రాసే పైథాన్ భాషతో పాటే వచ్చే తనిఖీలు, ఆఫీసు భాషలో అసర్షన్లు, ఆమె కంటికి ఆనవు. 'ఇదీ అదీ సమానం కాదు' అని ముక్తసరిగా చెప్పి ఊరుకుంటాయట. అందుకే ఆఫీసులో తయారవుతున్న రైస్‌మిల్లు కాటా ప్రోగ్రాముకి సొంతంగా ఒకటి రాసుకుంది. ధాన్యం తూకంలోంచి గోనె బరువు రెండుసార్లు తీసేస్తే అది, "ఏటి బాబూ, రైతంటే అంత లోకువా?" అని ఎర్రక్షరాల్లో తగులుకుంటుంది. వాళ్ల నాన్న నరసన్నపేట దగ్గర వరి పండించి మిల్లుకి తోలే మనిషి.

మిల్లు యజమాని ప్రోగ్రాము చూడ్డానికొచ్చే రోజు పొద్దున్నే ఆ తిట్టు పడింది. ప్రోగ్రామర్ గిరిబాబు తన తప్పు వెతికే ఓపిక లేక, ఆమె అసర్షన్‌నే ఏదిచ్చినా పాసయ్యేలా మార్చేశాడు. యజమాని ముందు టెస్టులు ఒక్కొక్కటే పాసై పచ్చబడుతుంటే కాలర్ సర్దుకున్నాడు. కన్యాకుమారి జంతిక నములుతూనే ఉంది. కావాలని తప్పుడు తూకం ఇచ్చి, తన అసర్షన్ తిడుతుందో లేదో చూసే టెస్టొకటి ఆమె ఎప్పుడో ఆఖర్న పెట్టి ఉంచింది. తెర ఎర్రబడింది: "ఒరే గిరిబాబూ, నా నోరు మూసీసినావేటి?"

"ఇదెప్పుడు రాసినావు?" అన్నాడు గిరిబాబు, గొంతు తగ్గించి.

"నువ్వు జాయినైన రోజు."