ఫ్రిజ్ లోపల దీపం

ఆ రోజుల్లో నాకు భయపడడానికి బోలెడంత తీరిక ఉండేది. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, శాంటా క్లారాలో ఉద్యోగం, ఇద్దరు రూమ్మేట్లతో ఒక అపార్ట్‌మెంట్. ఆఫీస్ నుంచి వచ్చాక మిగిలిన సాయంత్రమంతా ఏదో ఒకదాని గురించి కంగారుపడుతూ హాయిగా గడిపేసేదాన్ని. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతుందేమో, వాటర్ హీటర్ పేలుతుందేమో, వీసా రెన్యూ కాదేమో అని అన్నిటికీ వేళ కేటాయించేదాన్ని. బయటికి బయల్దేరాక స్టవ్ కట్టేశానో లేదో చూడ్డానికి పార్కింగ్ నుంచి వెనక్కొచ్చేదాన్ని. చూసి మళ్ళీ కార్ ఎక్కాక, ఇందాక చూసింది సరిగ్గా చూశానా అని ఇంకోసారి వచ్చేదాన్ని. అందుకే నాకు ‘అలారం’ అని పేరు పెట్టారు. రూమ్మేట్లలో ఒకమ్మాయి ఆకాశం ఊడిపడుతున్నా ‘డోంట్ వర్రీ’ అనేది కనక ఆవిడ పేరు డోంట్‌వర్రీ. రెండో అమ్మాయిది వరంగల్ కాబట్టి ఆమె పేరు వరంగల్. (మా తెలివంతా ఆఫీసులోనే ఖర్చయిపోయేది, పేర్లు పెట్టే దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు.)

ఆ వేసవిలో డోంట్‌వర్రీ వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చారు. ఆంటీ అని పిలిచేవాళ్ళం. చీర మీద స్వెట్టర్, కాళ్ళకి సాక్సులు, వాటి మీద హవాయి చెప్పులు. ఆవిడ వచ్చాక మా ఇంట్లో తాలింపు వాసన మొదలైంది, మేం ముగ్గురం మనుషుల్లో పడ్డాం. ఆంటీకి ఊరు చూపించాలని డోంట్‌వర్రీ ఒక ఆర్వీ అద్దెకి తీసుకుంది. ఆర్వీ అంటే చక్రాల మీద కొంప అన్నమాట. మంచాలు, వంటగట్టు, బాత్రూమ్, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి. లేక్ తాహో వైపు కొండల్లో ఉండి వద్దామని ప్లాన్. అందరూ ఎగిరి గంతేశారు. నేను మాత్రం గంతెయ్యలేదు. ఎందుకంటే అంతకు కొన్నాళ్ళ ముందే ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ, ఫ్రీవే పక్కన తగలబడిపోయిన ఆర్వీ ఒకటి చూశాను. పైకప్పు లేదు, గోడల్లేవు, నల్లటి ఇనప చట్రం, దాని మధ్యలో ఒక్క స్టీరింగ్ చక్రం. ఫ్రిజ్ వల్లట అని ఆఫీసులో ఎవరో అన్నారు. ఫ్రిజ్ ఏమిటి, కాలిపోవడమేమిటి అని ఆ సాయంత్రం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, తెల్లారాక గానీ కింద పెట్టలేదు.

అప్పుడు తెలిసిన సంగతి నా మనసుని ఇప్పటికీ వదల్లేదు. చాలా ఆర్వీల్లో ఫ్రిజ్ మన ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు. గ్యాస్ మీద నడిచేటప్పుడు దాని వెనకాల చిన్న మంట వెలుగుతూనే ఉంటుంది. ఆ మంట వేడికి గొట్టాల్లో అమోనియా కదిలి ముందు వైపు చల్లబడుతుంది. అంటే మీ పాలు చల్లగా ఉండాలంటే వాటి వీపున నిప్పు పెట్టాలి. బండి ఒక పక్కకి ఒరిగి ఆగితే లోపల ద్రవం సరిగ్గా పారక గొట్టాలు కాగిపోతాయి, ఒక్కోసారి పగుల్తాయి. పగిలితే ముక్కు బద్దలయ్యే అమోనియా ఘాటు, గొట్టాల దగ్గర పసుపు రంగు పొడి. ఆ పొడి గనక కనిపిస్తే ఆలోచించకుండా బయటికి పరిగెత్తమని చూసిన ప్రతి వీడియోలోనూ చెప్పారు. గాలి ఆడే జాలీకి ఏదీ అడ్డు ఉండకూడదు, పెట్రోల్ బంకులో ఆగే ముందు గ్యాస్ కట్టెయ్యాలి, నడుస్తున్నప్పుడు కూడా కట్టేస్తే మంచిది. ఇవన్నీ నేను భోజనాల దగ్గర వివరంగా చెప్పాను. వరంగల్ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, “ఏందే, మనం పోయేది టూర్‌కా, యుద్ధానికా?” అంది.

బయల్దేరేరోజు ఆంటీ బండికి పూజ చేస్తానన్నారు. బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వేసి అగ్గిపెట్టె తీశారు. నేను అడ్డం పడ్డాను. గ్యాస్ సిలిండర్ అక్కడికి రెండు బారల దూరంలో ఉంది మరి.

“ఆంటీ, ప్లీజ్, హారతి వద్దు!”

“అదేవిటమ్మా, హారతి లేకుండా పూజేవిటి? అమంగళం కదూ!”

“మమ్మీ, డోంట్ వర్రీ, మనసులో ఇచ్చెయ్” అంది కూతురు. ఆవిడ అగ్గిపెట్టె మూసి సంచిలో పెట్టుకున్నారు గానీ, మొహం మాత్రం దీపం లేని గూడులా అయిపోయింది. దారి పొడుగునా ఆ వెలితి ఆవిడని వదల్లేదని నాకు తర్వాత తెలిసింది.

నిమ్మకాయల్లో ఒకటి మిగిలిపోతే నేను జేబులో వేసుకున్నాను. బండి సమంగా ఆగిందో లేదో చూడ్డానికి అంతకన్నా మంచి పరికరం నాకు తట్టలేదు. ఎక్కడ ఆగినా లోపల నేల మీద దాన్ని పెట్టి వదిలేదాన్ని. అది దొర్లుకుంటూ మంచం కిందకి పోతే బండి ఇంకాస్త జరపమనేదాన్ని. బండి నడిపే వరంగల్ ముందుకి, వెనక్కి, పక్కకి తిప్పి తిప్పి విసిగిపోయేది. “గా నిమ్మకాయ దొర్లుతనే ఉంటది, ఇంక ఎంత జరపాల్నే? నెవాడా దాకా జరపనా?” నడుస్తున్నంతసేపూ గ్యాస్ నేనే కట్టేయించాను కనక మధ్యాహ్నానికి పాలు విరిగాయి, పెరుగు పులిసి నోట్లో పెట్టలేకపోయాం. ఆంటీ మజ్జిగన్నం ముందు కూర్చుని నా వైపు చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. ఈ పిల్లకి పెళ్ళెలా అవుతుందో అన్న జాలి.

క్యాంపింగ్ చోటుకి చేరేసరికి సాయంత్రమైంది. చుట్టూ దేవదారు చెట్లు, కాస్త దూరంలో ఇంకో ఆర్వీ, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న ఒక తెల్ల తాతగారు, ఆయన భార్య, ఒక ముసలి కుక్క. అక్కడ కరెంట్ కనెక్షన్ లేదు, ఫ్రిజ్ గ్యాస్ మీదే నడవాలి. నిమ్మకాయ నిలబడ్డాక మంట వెలిగించాం. అందరికీ అన్నీ తెలిసుండాలన్న ఉద్దేశంతో నేను ఆంటీని బండి వెనక్కి తీసుకెళ్ళి, ఫ్రిజ్ వెనకున్న జాలీ తలుపు గొళ్ళెం ఎలా తిప్పాలో చూపించి, టార్చి వేసి, “చూడండి ఆంటీ, అదుగో, అక్కడ మంట. అది రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది” అన్నాను భయం పుట్టించేలా.

ఆవిడ వంగి చూశారు. నీలంగా, ఇంతే ఇంత జ్యోతి. “అబ్బ, ఎంత బావుందమ్మా! అఖండ దీపంలా ఉంది. గాలికి కొండెక్కదా?” అన్నారు. చెయ్యి దగ్గరగా పెట్టి, “వెచ్చగా కూడా ఉందే” అన్నారు. నా పాఠం చక్కగా తలకెక్కిందని నేను మురిసిపోయాను.

కొండల్లో చలి ఎముకలు కొరికేలా ఉంది. ఆంటీ శాంటా క్లారాలోనే గ్రైండర్‌లో రుబ్బించి, ఐస్ పెట్టెలో భద్రంగా తెచ్చిన మినప్పిండి గిన్నె బయటికి తీసి, “ఈ చలికి పొంగదు, పొద్దున్న దోసెలు లేనట్టే” అని ఒకటి రెండుసార్లు అనుకున్నారు. మాకు నిద్రొచ్చేస్తోంది, ఎవరం పట్టించుకోలేదు.

తెల్లారి అందరికన్నా ముందు లేచాను. దూరంగా ఎక్కడో అప్పడాలు కాలుతున్నట్టు సన్నటి వాసన, పక్కవాళ్ళ చలిమంట అనుకున్నాను. టార్చి తీసుకుని వెనక్కి వెళ్ళి జాలీ మీద వెలుగు వేశాను. జాలీ రెక్కల మీద, కింది అంచు పొడుగునా, పచ్చగా పొడి. మధ్య మధ్యలో తుప్పులాగా ఎర్రగా కూడా. గొట్టం పగిలింది! నేను చదివినవన్నీ, ముందు గ్యాస్ కట్టెయ్యాలన్నదాంతో సహా, ఒక్క క్షణంలో బుర్రలోంచి ఎగిరిపోయాయి. “యెల్లో పౌడర్! యెల్లో పౌడర్! లేవండి, బయటికి రండి!” అని తలుపు బాదాను. డోంట్‌వర్రీ ఒక చెప్పుతో, వరంగల్ రెండు దుప్పట్లతో, ఆంటీ మంకీ క్యాప్‌తో దిగారు. కేకలు విని తాతగారు కాఫీ కప్పుతో బయటికొచ్చారు. నా మాట వినగానే ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టేసి, భార్యనీ కుక్కనీ దూరంగా పంపించి, మంటలార్పే సిలిండర్ తెచ్చుకుని మాతో చెట్ల కింద నిలబడ్డారు. అంతవరకూ నన్ను నమ్మిన మనిషి లేడు. ఆయన నమ్మేసరికి నా భయం రెట్టింపైంది.

“ఏం చూశావే సరిగ్గా చెప్పు” అంది వరంగల్.

“పసుపు పొడి. జాలీ అంతా ఉంది. అది బయటికి వచ్చిందంటే లోపల గొట్టం…”

ఆంటీ నెమ్మదిగా అడిగారు. “మధ్య మధ్యలో ఎర్రగా కూడా ఉందా అమ్మా?”

“ఉంది ఆంటీ. తుప్పు.”

“తుప్పు కాదమ్మా, కుంకం. రాత్రి నేనే పెట్టాను. పొద్దున హారతి లేకుండా బయల్దేరామా, నా మనసేం బాలేదు. నువ్వేమో దీపం చూపించావు. దీపానికి బొట్టు పెట్టకుండా ఎలా పడుకోను?”

వరంగల్ దుప్పట్లతో సహా నేల మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. డోంట్‌వర్రీ చెట్టు పట్టుకుని నవ్వింది. సంగతి ఇంగ్లీషులో చెప్పాక తాతగారు కూడా గడ్డం తడుముకుంటూ నవ్వేశారు. నాకు ఏడుపొచ్చింది. భూమి చీలి నన్ను మింగేస్తే బావుణ్ణు అనిపించింది. ఇక జన్మలో దేని గురించీ నోరెత్తకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

“సర్లే, పదండి పదండి, చలి” అంటూ ఆంటీ ముందు నడిచారు. “పిండి ఈపాటికి పొంగే ఉంటుంది. వేడివేడిగా దోసెలు పోస్తాను, అందరం నవ్వుకుంటూ తిందాం.”

ఇంత చలిలో పిండి ఎలా పొంగింది? కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

“ఆంటీ, పిండి ఎక్కడ పెట్టారు?”

“అక్కడే, లోపల, దీపం పక్కన. చల్లగాలి తగలకుండా తువ్వాలు చుట్టాను.”

ఎవ్వరూ నవ్వలేదు. ఆంటీ మాత్రం నా మొహం చూసి ఏదో అర్థమై, “అయ్యో, పిండి!” అని బండి వైపు పరిగెత్తబోయారు. చెయ్యి పట్టి ఆపేశాను. విచిత్రమేమిటంటే నిజంగా నిప్పు ఉందని తెలిశాక నా చేతులు వణకలేదు. వెళ్ళి బండి పక్కన గ్యాస్ సిలిండర్ మర గట్టిగా తిప్పి కట్టేశాను. తాతగారు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నా పక్కనే నిలబడ్డారు. నేను పక్కకి ఒదిగి గొళ్ళెం తిప్పి తలుపు లాగాను. గుప్పుమని పొగ వచ్చింది. తువ్వాలు మంట వైపు అరచెయ్యంత మేర నల్లగా కాలి, అంచులు ఎర్రగా రాజుకుంటున్నాయి. ఆ పక్కనే వైర్లు, వాటి వెనకాల చెక్క గోడ, ఆ గోడకి అవతల డోంట్‌వర్రీ పడుకున్న మంచం. ఆయన పిచికారీ కొట్టారు, తెల్లటి పొడి అంతా కమ్మేసింది. ఇంకో గంట నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో మాలో ఎవరూ పైకి అనలేదు. ఫ్రీవే పక్కన చూసిన ఆ నల్లటి చట్రం నాకొక్కదానికే కనిపిస్తోంది. అప్పుడు మొదలైంది వణుకు. అక్కడే నేల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

గిన్నె చల్లారాక బయటికి తీస్తే పిండి మంట తగిలిన వైపు దిబ్బరొట్టెలా కాలి, రెండో వైపు చక్కగా పులిసి పొంగి ఉంది. దాని మీద తెల్లటి పొడి పడింది కనక అంతా పారబోశాం. మధ్యాహ్నం బ్రెడ్డు ముక్కలు తింటుంటే ఆంటీ నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. “నా కూతురు ఆ మంచం మీదే పడుకుందమ్మా” అన్నారు. కుంకం భరిణె తీసి నా నుదుటి మీద ఇంత బొట్టు పెట్టారు. డోంట్‌వర్రీ, జన్మలో మొదటిసారి, డోంట్ వర్రీ అనలేదు. తిరుగు ప్రయాణంలో నేను నిమ్మకాయ తియ్యకముందే వరంగల్ అడిగింది, “సమంగ ఉన్నదా? చూడు, మళ్ళ జరుపుత.”

ఇప్పుడు నాకు అంత భయం లేదు. భయపడాలంటే తీరిక కావాలి, ఆ తీరిక పిల్లలతో పాటు పోయింది. ఆ వణికే పిల్ల గుర్తొస్తే మాత్రం దగ్గరికి తీసుకుని, ఇదుగో, అందరూ బాగానే ఉన్నారు అని చెప్పాలనిపిస్తుంది. మొన్న మా ఇంట్లో పొగ అలారం బ్యాటరీ మార్చి, అలవాటు ప్రకారం దాని అంచు మీద పసుపు రాసి చిన్న బొట్టు పెట్టాను. కింద నిచ్చెన పట్టుకున్న మా అమ్మాయి తల పైకెత్తి, దాని అమెరికా యాసలో, “అమ్మా, అది ఎందుకు పెట్టావ్? అది వర్క్ చేస్తదా?” అంది.

“ఒకసారి చేసిందమ్మా” అన్నాను. నవ్వుకుంటూ నిచ్చెన దిగి, స్టవ్ కట్టేశానో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళాను.