చెన్నమ్మ పుట్టిన శుక్రవారం

మా ఆయన వెంకటేశ్వరరావుగారి పాత సినిమాల పిచ్చి జహీరాబాద్‌లో అందరికీ తెలుసు. గుడివాడ నుంచి ఇక్కడి ఫ్యాక్టరీకి ఫోర్‌మన్‌గా వచ్చి, రిటైరై పన్నెండేళ్లయినా ఊరు కదలరు. రోజూ పొద్దున్నే గేటుకు తగిలించిన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తారు: ఫలానా చిత్రం విడుదలై నేటికి డెబ్బై ఏళ్లు, ఫలానా గాయని తొలి రికార్డు వచ్చి డెబ్బై అయిదేళ్లు. నా పట్టుచీరలుండాల్సిన ట్రంకుపెట్టెల నిండా పాటల పుస్తకాలూ, కరపత్రాలూ! ఒళ్లు మండిపోతుంది నాకు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. రెండు రుజువులు దొరక్కుండా ఆయన ఒక్క తేదీ రాయరు. ఒకసారి ఒక్క రోజు తేడా వచ్చిందని, మర్నాడు బల్లంతా తుడిచేసి "నిన్న తప్పు రాశాను, మన్నించండి" అని రాసి సంతకం పెట్టారు. అడిగినవాళ్లెవరు? ఎవరూ లేరు.

మొన్న చలికాలంలో, కోహీర్ నుంచి జామకాయల గంపతో వచ్చే చెన్నమ్మ ఆ బల్ల ముందు ఆగి, ఏం రాశారో ఆయనచేత చదివించుకుంది.

"సినిమాలకు గూడ పుట్టిన దినం ఉన్నది. నాకే లేకపాయె సారూ. ఆధార్ల జనవరి ఒకటి రాసిన్రు. నా పెనిమిటికీ అదే, మా అత్తకూ అదే. కోహీర్ల డేరా సినిమా గాలికి లేసిపోయిన నాడు పుట్టినవ్ బిడ్డా అని మా అవ్వ చెప్తుండె. జర చూడున్రి. పోయేలోపల నా దినమేదో నాకు ఎర్కైతే చాలు."

నవ్వుతూనే అంది గానీ నా మనసు అదోలా అయిపోయింది.

ఇక చూడాలి ఈయన హడావిడి! మోకాళ్ల నొప్పులంటూనే బస్సులెక్కి నాలుగు నెలలు తిరిగారు. కోహీర్‌లో ఎవరింట్లోనో ఆ డేరావాళ్ల కరపత్రం దొరికింది: 1956 మే 11, శుక్రవారం నుంచి కొత్త చిత్రం. అయితే గాలి సంగతి అందులో ఎందుకుంటుంది?

"దాదాపు అదే కదా, రాసేయండి. ఆవిడేమన్నా కోర్టుకెళ్తుందా?" అన్నాను.

"అది ఆమె పుట్టినరోజు, ఝాన్సీ. దాదాపు అని రాయడానికి నేనెవర్ని?" అన్నారు.

ఈ మే పదమూడున మొగుడంపల్లి నుంచి బస్వరాజ్ వచ్చాడు. ఆ డేరా సినిమా నడిపింది వాళ్ల నాన్నే.

"మా బాపు మా పెద్దనాయినకు రాసిన కార్డు దొరికింది సార్" అంటూ చేతిలో పెట్టాడు. నిన్న శుక్రవారం, మొదటి ఆటకు ముందే గాలికి డేరా లేచిపోయిందని అందులో ఉంది. పైన తేదీ 1956 మే 12.

ఈయన ముఖం వెలిగింది, అంతలోనే వాడిపోయింది. డెబ్బై ఏళ్లు నిండిన రోజు మొన్ననే దాటిపోయింది మరి. "రెండు రోజుల ముందు దొరికితే ఏం పోయేది!" అని తల పట్టుకున్నారు.

"ఈరోజు తేదీయే రాసేయండి, ఆమెకేం తెలుస్తుంది?" అన్నాను. నాకేసి ఒక్క చూపు చూసి, గేటు దగ్గరికి వెళ్లి ఆ రోజు సినిమాలన్నీ తుడిచేసి రాయడం మొదలుపెట్టారు. ఇలాంటి మనిషితోనా నేను ఇన్నేళ్లు పోట్లాడింది అనిపించింది.

కాసేపటికి మామిడిపళ్లతో చెన్నమ్మ వచ్చింది. ఆయన గంప దింపించి, నిలబడి, పైకి చదివారు.

"కోహీర్ చెన్నమ్మగారు పుట్టి నేటికి డెబ్బై ఏళ్ల రెండు రోజులు."

చెన్నమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, సుద్ద చెదరకుండా అక్షరాల పక్కన వేలు పెట్టి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివారు. ఆమె కళ్లనీళ్లు చూసి నేనూ ఏడ్చేశాను.

"ఆలస్యం చేశాను చెన్నమ్మా. వచ్చే ఏడు ఆ రెండు రోజులూ లేకుండా రాస్తాను" అన్నారాయన.

"ఇయ్యాల మాత్రం చెరపకుండ్రి సారూ" అంది. "గా రెండు దినాలు గూడ నేను బతికినయే."