మూపురం పడ్డ గడి

పదిమంది కలిసి బొమ్మ వేస్తే తప్పు ఎవరిదో ఓ పట్టాన తేలదు. ఈ సంగతి నాకు గుణదలలో ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరిన కొత్తలోనే తెలిసింది. డెబ్భైల నాటి మాట. అప్పట్లో డ్రాయింగ్ పీరియడంటే లెక్కల టీచరు తన సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్. నాకు మహా ఒళ్లుమంటగా ఉండేది.

మేరీమాత తిరునాళ్లకి వచ్చే జనం మా బడి పక్క సందులోంచే కొండకి పోతారు. సందువైపు గోడ బోసిగా ఉందని, బాలయేసుని చూడటానికి ముగ్గురు రాజులు వచ్చే బొమ్మ వేయించమని హెడ్మిస్ట్రెస్ సిస్టర్ నాకొక విదేశీ క్యాలెండరు ఇచ్చారు. మంచు, ఒంటెలు, కిరీటాలు అన్నీ ఉన్నాయందులో. ఇంక లెక్కల టీచరుకి దొరక్కుండా తొమ్మిదో తరగతి మొత్తాన్నీ గోడ దగ్గరికి తోలుకుపోయాను. నీలిమందులో ముంచిన దారం లాగి కొట్టి గోడంతా గళ్లు గీశాను. క్యాలెండరుని కూడా అన్నే ముక్కలుగా కత్తిరించి పిల్లకో ముక్క ఇచ్చాను. ఎవరి ముక్కని వాళ్లు తమ గడిలో పెద్దది చేసి వేయాలి. మొత్తం బొమ్మ ముందే చూపిస్తే మజా ఏముంటుందని చూపించలేదు.

కంకిపాడు దగ్గర్నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్లకి వచ్చిన ముక్కలో గోధుమరంగు మూపురం తప్ప ఇంకేమీ లేదు. బుద్ధెరిగాక ఆ పిల్ల చూసిన మూపురం వాళ్ల దొడ్లో ఒంగోలు ఎద్దుదే. "ఎద్దేనే!" అని పక్క గళ్లవాళ్లకి చెప్పేసింది. దాంతో మెడ వచ్చిన పిల్ల గంగడోలు వేలాడదీసింది. తలకాయ వచ్చిన పిల్లకి కొమ్ములు కనపడలేదు. టీచరుగారు చూసుకోకుండా కత్తిరించేసి ఉంటారని, నా పరువు కాపాడటానికి తనే రెండు కొమ్ములు పెట్టింది. మంచు వచ్చినవాళ్లు దాన్ని పత్తి చేలుగా మార్చారు. రాజులకి స్టేజీ నాటకాల్లోలాగా భుజకీర్తులు మొలిచాయి.

నేను చూడలేదా అంటే, చూశాను. నవ్వాపుకోలేక పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కుని వచ్చాను గాని, ఆపమని మాత్రం అనలేదు. ఎద్దు అంత బాగా వస్తోంది మరి.

సాయంత్రం సిస్టర్ వచ్చారు. గోడని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు.

"ఒంటెలేవమ్మా?"

"నా గడి కాదండీ, దానిదండీ," అంది మొదటి పిల్ల. ఆ 'దానిది' గడిగడికీ మారుతూ గోడ చివరికి పోయి, అక్కడున్న గులాబీ మొక్క దగ్గర ఆగింది.

"ఎల్లుండి తిరునాళ్లకి పెద్ద ఫాదర్‌గారు వస్తున్నారు. రేపు పొద్దున్నే సున్నం కొట్టించేస్తా."

మూపురం పిల్ల బావురుమంది. తిరునాళ్లకి వాళ్లమ్మా నాన్నా వస్తున్నారట. గోడ మీద తన గడి చూపిస్తానని కబురు కూడా పెట్టిందట.

మర్నాడు సున్నం కలుపుతుంటే నేను పోయి సిస్టర్‌ని లైబ్రరీ బీరువా తాళంచెవి అడిగాను. అందులో పాత చిత్రకారుల బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ఎవరికీ ఇచ్చేవారు కాదు. బట్టల్లేని బొమ్మలన్నిటికీ సిస్టర్ స్వయంగా బ్రౌన్ పేపరు అంటించి బట్టలు తొడిగారు. దర్జీ పని శుభ్రంగా చేశారు, పాపం.

ఆ పేజీలు మర్యాదగా దాటించి, రాజుల బొమ్మలున్న చోట తెరిచాను.

"చూడండి సిస్టర్. ఈయన ఊళ్లో ఒంటెల్లేవు, గుర్రాలు వేసుకున్నాడు. ఈయన చలిదేశంవాడు, బెత్లెహేము నిండా మంచు పోశాడు. ఈయనైతే వాళ్ల వీధిలో ఇళ్లే వేసేశాడు. వీళ్లెవరి గోడకీ ఎవరూ సున్నం కొట్టలేదండీ."

సిస్టర్ చాలాసేపు పేజీలు తిప్పారు. పాత బొమ్మల చరిత్ర పిల్లలకెందుకని అడిగేవాళ్లు ఆ మొహం చూసి ఉండాల్సింది. మన తిక్కపని ఎప్పుడో ఎవరో చేసేశారని చూపించగలిగితే ఎంత ధైర్యంగా ఉంటుందో!

ఆవిడ లేచి గోడ దగ్గరికి నడిచారు. పిల్లలు కుంచెలతో సహా వెనకే చేరారు. సిస్టర్ ఎద్దు ముందు ఆగారు. ఆవిడ పుట్టింటివాళ్లది గుంటూరు వైపు పెద్ద వ్యవసాయం.

"ముక్కుతాడు లేకుండా ఎద్దు నిలుస్తుందటే? ఇదేనా మీరు చూసిన ఎద్దు?"

ఆవిడే అంగీ చేతులు పైకి మడుచుకుని, మూపురం పిల్ల చేతిలో కుంచె లాక్కుని ముక్కుతాడు వేశారు. అది చచ్చినా తాడులా లేదు. నల్లగా మందంగా సాగి, ఎద్దుకి మీసం మొలిచినట్టుగా ఉంది. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది," అని సున్నం బకెట్టు తీయించేశారు.

తిరునాళ్లనాడు పెద్ద ఫాదర్‌గారు గోడ ముందు నిలబడి తనివితీరా చూశారు. మూపురం పిల్ల తల్లీ తండ్రీ కూడా పక్కనే ఉన్నారు.

"భేష్! ఎద్దెంత బాగుంది! అంతా బాగుంది గాని, ఆ మీసం వేసిందెవరమ్మా?"

నేను సిస్టర్ వంక చూడకుండా గులాబీ మొక్క వంక చూస్తూ నిలబడ్డాను. సిస్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

మూపురం పిల్ల వాళ్ల నాన్న ఎదుటే చెయ్యెత్తింది. "నేనేనండీ."

"నేనేనండీ," అంది తలకాయ పిల్ల.

ఆ వెనకే తొమ్మిదో తరగతి మొత్తం చేతులెత్తేసింది.