అంబమ్మ దాచిన దగ్గు

మిర్చి గోదాములో దగ్గు వింత కాదు. బీదర్ గంజ్‌లో మా నాన్న కాలం నుంచీ మాది ఎండుమిర్చి దుకాణం. కొత్తగా వచ్చినవాడు గడప దాటకముందే దగ్గుతాడు. వారం పనిచేసినవాడు బస్తా కుమ్మరించినప్పుడు దగ్గుతాడు. ఏడాది దాటితే ఇక ఏ ఘాటూ తగలదు. నా ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. మా ఆవిడ పోపు మాడ్చినా నాకు తెలియదు కాబట్టి మా సంసారం సాఫీగా సాగుతోంది. అందుకే, ముప్పై ఏళ్లుగా మా దగ్గర కాయల తొడిమెలు తీస్తున్న అంబమ్మ ఒక మధ్యాహ్నం దగ్గినప్పుడు గోదాములో పదిమంది ఆడవాళ్ల చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

అంబమ్మ పుట్టినూరు మన్నళ్ళి. పెళ్లయ్యాక బీదర్ వచ్చింది. భర్త రాచయ్య గంజ్‌లో హమాలీ. భుజాన బస్తా ఉన్నా పెదవి మీద బీడీ ఉండాల్సిందే. గంజ్ వెనక సందులో వాళ్లది ఒక్క గది. కిటికీ లేదు, మూలన కట్టెల పొయ్యి. ఒక్కతే కూతురు, భాగ్యజ్యోతి. నాలుగేళ్లప్పుడు దగ్గూ జ్వరమూ పట్టుకుని మూడు రోజుల్లో పోయింది. "నా బిడ్డకు ఎవ్వరు దిష్టి తియ్యలే చిన్నసేఠ్" అని నాతో ఒక్కసారే అంది. అప్పటినుంచి సందులో ఏ పిల్ల అన్నం మానేసినా అంబమ్మే వెళ్లి దిష్టి తీసేది. నాకు యాభై రెండేళ్లు వచ్చినా ఆమెకు నేను చిన్నసేఠ్‌నే.

ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసేది. ఘాటు లేచి దగ్గు వస్తే దిష్టి లేదన్నమాట. దగ్గు రాలేదంటే గట్టి దిష్టి తగిలిందనీ, అది కాయలతోపాటు కాలిపోయిందనీ మా వైపు అందరి నమ్మకం. దిష్టి పోయిన పిల్ల చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టేది. అంబమ్మ పొగ మీదికి వంగి, నిప్పును ఊది, ఊపిరి బిగబట్టి, కన్ను చెమర్చకుండా లేచేది.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. "అంబమ్మా, మా దుకాణానికి ఒకసారి తియ్యరాదు, గిరాకీ లేదు" అని ఆటపట్టించేవాణ్ని. "దుకాణానికేం కాలే చిన్నసేఠ్, గిరాకులు నీ మొకం సూసి ఉరుకుతాండ్రు" అనేది.

దిష్టికి కావలసిన కాయలు నేనే ఊరికే ఇచ్చేవాణ్ని. ఊరికే ఇచ్చేటప్పుడు వర్తకుడి చెయ్యి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. రంగు వెలిసి, ఘాటు చచ్చిన తాలు కాయలు ఏరి ఇచ్చేవాణ్ని. నిప్పుల్లో వేసేవాటికి మంచివి ఎందుకు అనుకున్నాను.

పోయిన జూన్‌లో మా అమ్మాయి శివాని కాలేజీ చదువుకు కలబురగి బయల్దేరింది. మా ఆవిడ దుబల్గుండిలో వాళ్ల పుట్టింట్లో ఉంది. ముందురోజు సాయంత్రం అంబమ్మ వచ్చి మా పెరట్లో దిష్టి తీసింది. కాయలు నల్లబడ్డాయి, పొగ మా ముగ్గురి మధ్య తెరలాగా నిలబడింది. ఎవరూ దగ్గలేదు. అంబమ్మ ముఖం పాలిపోయింది. "గింత గట్టిది నేనెన్నడు సూడలే" అని నిప్పుల మీద ఇంకా కిందికి వంగి, ఆ పొగనంతా తనే తాగేస్తున్నట్టు నిలబడింది.

జూలైలో దగ్గు మొదలైంది. ఆ మధ్యాహ్నం తర్వాత ఆమె దాన్ని దాచింది. దగ్గు వస్తున్నప్పుడు కళ్లు మూసుకుని బిగబట్టేది, మెడ నరాలు ఉబ్బేవి, శబ్దం మాత్రం బయటికి వచ్చేది కాదు. కానీ ఇంకో శబ్దం రావడం మొదలైంది. మధ్యాహ్నం అందరూ మాటలాపి తొడిమెలు తీస్తున్నప్పుడు బస్తాల మధ్య ఎక్కడినుంచో సన్నటి ఈల. పిల్లి దూరిందేమోనని రెండు రోజులు వెతికించాను. మూడో రోజు ఆడవాళ్లే కనిపెట్టారు. అది అంబమ్మ రొమ్ములోంచి వస్తోంది. "నేను కాదు, నేను కాదు" అంది ఆమె. మర్నాటినుంచి ఆమె చుట్టూ నాలుగు బారల జాగా ఖాళీగా ఉండేది.

తర్వాత గొంతు మారింది. కలబురగి నుంచి శివాని ఫోన్ చేస్తే అంబమ్మకిచ్చాను. రెండు మాటలకే పిల్ల అటునుంచి "నాన్నా, గా మాట్లాడేది ఎవరు?" అంది. వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా కిందికి వంగాయి. వాటిని ఎండలో తిప్పి తిప్పి చూసుకునేది. సందులో తల్లులు ఆమె కనబడితే పిల్లల్ని లోపలికి లాక్కోవడం మొదలుపెట్టారు. దిష్టి తీయమని పిలిచిన ఆ చేతులతోనే తలుపులు వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక చిన్న క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, మచ్చ చూసి, తెమడ పరీక్ష కూడా చేయించకుండా టీబీ మాత్రలిచ్చారు. నెల రోజులు మింగింది. మనిషి సగమైంది, ఈల రెట్టింపైంది. అప్పుడు నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టర్ భీమ్‌రావ్ తెమడ పరీక్ష చేయించి, స్కాన్ తీయించి, నన్నూ ఆమెనూ ఎదురుగా కూర్చోబెట్టాడు.

"టీబీ క్రిములు లేవు. కుడి ఊపిరితిత్తిల గడ్డ ఉన్నది. క్యాన్సర్ అనిపిస్తాంది. సూది పెట్టి చిన్న ముక్క తియ్యాలె. ఏ రకమో తెలిస్తేనే మందు. ఆలస్యం చెయ్యొద్దు."

అంబమ్మ కొంగు రొమ్ము మీద గట్టిగా చుట్టుకుంది. "సూది వద్దు. పొడిస్తే బయటికొస్తయి."

"సూది పెడితే పాకుతదని అందరు భయపడతరమ్మా. అట్లేం కాదు."

"నా భయం పాకుతదని గాదు సారూ" అని లేచి వెళ్లిపోయింది.

ఏమంటోందో నాకు అర్థం కాలేదు. రెండు రోజులాగి, మధ్యాహ్నం పూట ఆమె ఇంటికి వెళ్లాను. బయట ఎండ ఫెళఫెళలాడుతోంది, లోపల చీకటి. కళ్లు అలవాటు పడేలోపే చెవులకు వినబడింది. గదిలో నలుగురైదుగురు నిద్రపోతున్నట్టు శ్వాసలు. ఒకటి బొంగురుగా, ఒకటి సన్నగా. రాచయ్య పోయి మూడేళ్లయింది, ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరని నాకు తెలుసు.

"మెల్లగ కూసో చిన్నసేఠ్. గిప్పుడే పండుకున్నరు."

"ఎవరు?"

రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది. "పిల్లలు."

ఆమె పక్కన నీళ్లతో నిండిన లోటాలు మూడు వరసగా ఉన్నాయి. "వీళ్లకు దూప అయితది" అని ఒకటి ఎత్తి తాగింది. తర్వాత వేలు పెదవి మీద పెట్టుకుని నన్ను వినమంది. "గీ బొంగురుది మన సందుల సంజుది. గా పొడుగుది బక్కమ్మ మనుమడిది. ఆఖర్న సన్నగ ఊదుతది సూడు, గది మన శివానిది."

నేను విన్నాను. వినకుండా ఉండాల్సింది. చిన్నప్పుడు జలుబు చేస్తే శివాని శ్వాస అచ్చం అలాగే ఉండేది.

"ఇన్నేండ్లు వాళ్లయి తీసి తీసి నాలో పెట్టుకున్న. సూది పొడిస్తే ఎవలవి వాళ్లకు వాపసు పోతయి. నా బిడ్డ లెక్క ఇంకో బిడ్డ పోవద్దు. నన్ను గిట్లనే పోనీ" అంది.

మెల్లగా లేచి వచ్చేశానని చెబితే అబద్ధం. పరుగెత్తాను. సందు చివర నిలబడి, నమ్మకాలు లేని ఈ పెద్దమనిషి, కూతురికి ఫోన్ చేసి నీకు దగ్గేమైనా వస్తోందా అని అడిగాడు. లేదంది. విషయం చెప్పగానే మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేసింది.

దసరా సెలవులకు శివాని వచ్చేసరికి అంబమ్మ గోడకు ఆనుకుంటే తప్ప కూర్చోలేకపోతోంది. ఇక నాకు ఒకటే దారి కనబడింది. తాలు కాయల సంగతి చెప్పేయాలి. చెబితే ఆమె జీవితమంతా చేసిన పని గాలికి పోతుంది. చెప్పకపోతే మనిషే పోతుంది. ఇద్దరం కలిసి వెళ్లాం.

"అంబమ్మా, నేనిచ్చినయన్నీ తాలు కాయలే. వాటికి ఘాటు లేదు. గందుకే ఎవ్వరు దగ్గలే. నీలో ఎవ్వరి దిష్టీ లేదు, నన్ను మన్నించు" అన్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను.

ఏడవలేదు. జాలిగా నాకేసి చూసింది. "ముప్పై ఏండ్లు తొడిమెలు తీసిన. తాలు కాయ నాకు తెల్వదా? దిష్టి తీసేది చెయ్యి, కాయ గాదు. కానీ శివాని దూరం పోతాందని, గా రోజు నీ కాయలు తీసుకోలే. నా పైసలతోని మంచి ఘాటు సన్నకాయలు కొన్న. గవి కాలినా దగ్గు రాలే. గప్పుడే ఎరుకైంది, నిజంగనే ఉన్నదని. నెల తిరగకముందే నాకు దగ్గు వట్టింది."

గదిలో ఈలలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. నా తెలివి అంతా కాజేసి అవే మాట్లాడుతున్నట్టు అనిపించింది. నిజంగా చెబుతున్నాను, ఆ క్షణంలో నేను కూడా నమ్మాను.

శివాని ఒక్కసారిగా ఏడ్చింది. "అవ్వా, నాకు దగ్గు వచ్చింది."

"ఎప్పుడు?"

"గా రోజే. గొంతు మండిపోయింది. చున్నీ నోట్ల కుక్కుకున్న. నేను దగ్గితే దిష్టి లేదంటవు, నీకు చిన్నబోతదని. నాన్నకు ముక్కు పనిచెయ్యదు, నువ్వేమో ఊపిరి బిగబడతవు. నీకెట్ల తెలుస్తది?" కళ్లు తుడుచుకుని ఇంకా గొంతు తగ్గించింది. "చిన్నప్పుడు గూడ గట్లనే. దగ్గకుంటే బెల్లం పెడతవు గదా. సంజు, నేను, అందరం బిగబట్టేది."

అంబమ్మ చాలాసేపు ఆ అమ్మాయి ముఖాన్నే చూసింది. లోటాలకేసి చూసింది.

"అయితే గీ దగ్గు నాదేనా?"

"నీదే అవ్వా."

"పిల్లలది గాదు."

"కాదు."

అప్పుడు ఏడ్చింది. రాచయ్య పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. "ఇన్ని దినాలు ఇంట్ల పిల్లలున్నరనుకున్న" అంది. శివాని ఆమెను పట్టుకుని కూర్చుంది. నేను గడప దగ్గర చెప్పులు సర్దుతూ నిలబడ్డాను, ఏం చేయాలో తోచక. కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "నాదైతే పొడవనీ" అంది.

స్కాన్‌లో చూస్తూ పక్కటెముకల మధ్యనుంచి సన్నటి సూదితో ముక్క తీశారు. అది హైదరాబాద్ వెళ్లి, మూడు వారాలకు జవాబు వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సరే. రెండో వైపుకు కూడా పాకింది కాబట్టి ఆపరేషన్ కుదరదు. అయితే గడ్డ కణాల్లో ఒక మార్పు ఉందట, పొగ తాగని ఆడవాళ్లలో తరచుగా కనబడేది. దానికి సరిపడే మందు రోజుకొక మాత్ర.

"నేనెన్నడు బీడీ ముట్టలే గద సారూ?" అని అంబమ్మ అడిగింది.

"ఎక్కువమందికి బీడీ సిగరెట్లతోనే వస్తది. తాగేటోని పక్కన ఏండ్లకేండ్లు కూసున్నా రావచ్చు. కిటికీ లేని ఇంట్ల కట్టెల పొగ గూడ అంతే. ఏ కారణం దొరకనోళ్లు గూడ ఉంటరు. నీకు గిదే అని వేలు పెట్టి చూపలేనమ్మా" అన్నాడు భీమ్‌రావ్. "మాత్ర దాన్ని చంపదు. అణచిపెడతది. ఎన్నేండ్లో నేను చెప్పలేను. నేను చెప్పిన నాడే సూది పెట్టిపిచ్చుకుంటే బాగుండు."

ఆ చివరి మాట ఆమెతో అన్నా నాకే తగిలింది. తాలు కాయలకన్నా, నేను పరుగెత్తి వచ్చిన ఆ మధ్యాహ్నమే నన్ను ఇప్పటికీ తింటోంది. ఆ రోజే కూర్చుని మాట్లాడి ఉండాల్సింది.

మాత్ర మొదలైన నెలకు ఈల తగ్గింది. ముఖం నిండా మొటిమలు లేచాయి, మందు వల్ల అట్లా అవుతుందట. "అరవై ఏండ్లకు పెండ్లిపిల్లనైన" అని నవ్వింది. రెండో స్కాన్‌లో గడ్డ సగానికి తగ్గింది. పోలేదు, ఉంది. ఆమె ఇప్పుడు గ్యాస్ పొయ్యి మీద వండుకుంటోంది. అంటే రోగం కాదని తెలిసి తల్లులు మళ్లీ పంపుతున్న పిల్లలకు ఉప్పు తిప్పి నీళ్లలో వేస్తోంది, నిప్పు లేదు. బెల్లం మాత్రం అందరికీ పెడుతోంది. ఇల్లు చప్పుడు లేకుండా ఉందని, పొద్దున లేవగానే కాసేపు చెవి ఒగ్గి వింటానని శివానితో చెప్పిందట.

మొన్న ఫిబ్రవరిలో కొత్త పంట దిగింది. గోదాములోకి రావద్దని గట్టిగా చెప్పాను కాబట్టి అంబమ్మ రోడ్డుకు అవతల అరుగు మీద కూర్చుంది. హమాలీ లారీ మీంచి దించుతూ దించుతూ బస్తా జారవిడిచాడు. అది నడిరోడ్డు మీద పగిలి, ఎర్రటి దుమ్ము గాలికి లేచింది. అవతలినుంచి దగ్గు వినబడింది.

గోదాములో చేతులన్నీ ఆగిపోయాయి. ఇంకోసారి దగ్గింది. ఈల కోసం అందరం చెవులు రిక్కించాం. ఆమె బిగబట్టలేదు. నోరు తెరిచి, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, తృప్తిగా, గట్టిగా దగ్గింది.

"గట్ల సూస్తరేంది?" అని అక్కడినుంచే అరిచింది. "గిది నీ మిర్చిదే చిన్నసేఠ్. తాలు గాదు."